ఆర్కిటిక్ తీరంలో చేపల రకాలు పెరుగుతున్నాయి: అది లాభమేనా?

ఎమ్మెస్సీ జువాలజీ చదువుతూ, ప్రాజెక్టు కోసం మీరు అడిగినవి రెండు. ఆర్కిటిక్ తీరంలో వలలకు పడే చేపల రకాలు పెరుగుతున్నాయని చదివారు, అంటే మంచు తగ్గడం అక్కడి చేపలకు ఒక రకంగా మేలే కదా అన్నది మొదటిది. చల్లటి నీళ్లు కావాల్సిన చేపలు ఇంకాస్త ఉత్తరానికి జరిగితే సరిపోదా అన్నది రెండోది. నేను చాలా కాలంగా ఉత్తర అలాస్కా తీరపు చేపల మీద పనిచేస్తున్నాను, అందుకే ఎక్కువగా అక్కడి ఉదాహరణలతోనే చెబుతాను. రకాల లెక్క పెరగడం నిజమే. కానీ ఆ లెక్క ఒక్కటే పట్టుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. ఏ చేప తగ్గి దాని చోటికి ఏది వచ్చింది, వచ్చినదానిలో కొవ్వు ఎంత, అది ఏ నెలలో దొరుకుతుంది అన్నవి చూడాలి.

ముందు రెండో ప్రశ్న చూద్దాం. మ్యాపులో అలాస్కా ఉత్తర తీరం ఎలా ఉందో గమనించండి. అది తూర్పు పడమరలుగా సాగుతుంది. ఒడ్డు నుంచి ఉత్తరానికి కొన్ని పదుల కిలోమీటర్లు మాత్రమే లోతు తక్కువ. ఆ తర్వాత అడుగు ఒక్కసారిగా దిగిపోయి, 3,000 మీటర్లకు పైగా లోతున్న కెనడా బేసిన్ వస్తుంది. నది మొగల దగ్గర, మోకాలి లోతు నుంచి నాలుగైదు మీటర్ల లోతు వరకు తిరుగుతూ బతికే చేపకు అటువైపు వెళ్లడానికి తీరమే లేదు. ఉత్తరానికి జరగడం అనే మాట విశాలమైన, లోతు తక్కువ సముద్రాలకు కొంతవరకు సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. దక్షిణం నుంచి వచ్చే చేపలకు ఇంకో అడ్డంకి కూడా ఉంది, అది వెలుతురు. నీళ్లు ఎంత వెచ్చబడినా చలికాలంలో వారాలు, నెలలు సాగే చీకటి మారదు. కంటితో చూసి వేటాడే చేప ఆ కాలాన్ని గట్టెక్కాలంటే వేసవిలోనే ఒంట్లో చాలినంత దాచుకోవాలి.

ఇక తీరం లోపలి సంగతి. వేసవిలో మంచు విడిచాక నదుల నీరు సముద్రంలోకి దిగి, ఒడ్డు వెంట సన్నటి పట్టీగా నిలుస్తుంది. అందులో ఉప్పు తక్కువ, వేడి కాస్త ఎక్కువ. 5 నుంచి 10 డిగ్రీల దాకా ఉండటం మామూలే. ఆ పట్టీ దాటితే సముద్రం సున్నా డిగ్రీల దగ్గర, బాగా ఉప్పగా ఉంటుంది. సిస్కోలు, వైట్‌ఫిష్‌లు, డాలీ వార్డెన్ లాంటి చేపలు ఏడాదికి సరిపడా తిండి ఈ కొద్ది వారాల్లో, ఈ పట్టీలోనే తినాలి. చిన్న రొయ్యల్లా కనిపించే మైసిడ్‌లు, ఆంఫిపాడ్‌లు వాటి ఆహారం. మళ్లీ చలికాలం వస్తే దాదాపు రెండు మీటర్ల మందం మంచు కడుతుంది. లోతు లేని ఏరులు అడుగు దాకా గడ్డకడతాయి. నదుల్లో అక్కడక్కడా మిగిలే లోతు మడుగుల్లో, డెల్టాల్లో చేపలన్నీ ఇరుక్కుని కాలం గడపాలి. ఈ ప్రాంతంలో ఎన్ని చేపలు బతకగలవో ఎక్కువగా ఆ చలికాలపు చోటే నిర్ణయిస్తుంది.

ఈ వెచ్చని పట్టీని నిలిపేదీ చెదరగొట్టేదీ గాలి. తూర్పు గాలి వీస్తే పై నీరు ఒడ్డు నుంచి బయటికి తోసుకుపోయి, అడుగు నుంచి చల్లటి ఉప్పునీరు పైకి వస్తుంది. పడమర గాలి వీస్తే వెచ్చని నీరు ఒడ్డుకు చేరి నిలుస్తుంది. ఒకే వల దగ్గర పొద్దున ఒక నీరు, సాయంత్రానికి ఇంకో నీరు ఉండటం నేను చాలాసార్లు చూశాను. తరతరాలుగా ఇలాంటి ఊగిసలాటలో బతికిన చేపలివి. అందుకే బయటి సముద్రంలో ఒక డిగ్రీ మారితే కనిపించే ఫలితం, తీరంలో ఒక డిగ్రీ మారితే కనిపించే ఫలితం ఒకటి కావు.

ఆర్కిటిక్ సిస్కో కథ వింటే ఇది బాగా అర్థమవుతుంది. మన పులస సముద్రం నుంచి గోదావరి ఎక్కి గుడ్లు పెట్టినట్టే సిస్కో బతుకు కూడా నదికీ ఉప్పునీటికీ మధ్య నడుస్తుంది. కాకపోతే దాని దారిని గాలి నిర్ణయిస్తుంది. అది పుట్టేది కెనడాలోని మెకెంజీ నదిలో. వసంతంలో వరదతో పాటు పిల్లలు సముద్రంలోకి కొట్టుకొస్తాయి. ఆ వేసవిలో తూర్పు గాలులు గట్టిగా, విడవకుండా వీస్తే తీరపు ప్రవాహం వాటిని సుమారు 600 కిలోమీటర్లు పడమరకు, అలాస్కాలోని కాల్విల్ నది దాకా తీసుకొస్తుంది. గాలి అనుకూలించని ఏడాదిలో పుట్టినవి కాల్విల్‌కు పెద్దగా చేరవు. చేరినవి ఆ డెల్టాలో చలికాలాలు గడిపి, పెద్దయ్యాక తిరిగి మెకెంజీకి వెళ్లి గుడ్లు పెడతాయి. కాల్విల్ డెల్టా దగ్గర నూయిక్సట్ గ్రామంలోని ఇనుపియాట్ అనే మూలవాసీ ప్రజలు దీన్ని కాక్తాక్ అంటారు. అక్టోబరు, నవంబరుల్లో నది గడ్డకట్టాక మంచు కింద గిల్ నెట్లు వేసి పడతారు. అప్పుడు పడేవి ఎక్కువగా ఐదేళ్లు దాటినవి. అంటే ఈసారి వలలు నిండుతాయా లేదా అన్నది ఐదారేళ్ల కిందటి వేసవి గాలి మీద ఆధారపడి ఉంటుంది. వాతావరణం మారడం అంటే వేడెక్కడం ఒక్కటే కాదని, గాలుల దిశ, బలం, అవి వీచే కాలం మారడం కూడా అని విద్యార్థులకు చెప్పడానికి నేను ముందుగా ఈ చేపనే ఎంచుకుంటాను.

మీరు చదివిన రకాల లెక్క బహుశా అలాస్కా ఉత్తర తీరంలోని ప్రూడో బే దగ్గరి సర్వేది అయి ఉంటుంది. అక్కడ చమురు తవ్వకం కోసం సముద్రంలోకి వెస్ట్ డాక్, ఎండికాట్ అనే రెండు పొడవాటి కట్టలు వేశారు. అవి ఒడ్డు వెంట వెళ్లే చేపల దారికి అడ్డమవుతాయని, వెచ్చని నీటి పట్టీని తెంచేస్తాయని ఆందోళన మొదలైంది. కట్టల్లో గండ్లు పెట్టించారు, 1980ల నుంచి వేసవుల్లో చేపల లెక్క తీయడం మొదలుపెట్టారు. ఒడ్డు నుంచి అడ్డంగా వల కట్టి, చేపలను చివర్లో ఉన్న వలగదిలోకి మళ్లించే ఫైక్ నెట్లు వాడతారు. లెక్కపెట్టి, కొలిచి, ప్రాణంతోనే వదిలేయొచ్చు. కట్టల కోసం మొదలైన ఈ లెక్క ఇప్పుడు వాతావరణ మార్పుకు అరుదైన సాక్ష్యంగా మిగిలింది. 2001 నుంచి 2018 దాకా ఉన్న సమాచారాన్ని అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విశ్లేషించారు. ఆ కాలంలో నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరిగింది, పడే రకాలు పెరిగాయి, సాఫ్రన్ కాడ్ అనే చేప బాగా ఎక్కువైంది.

రకాల సంఖ్యలో ఒక చిక్కుంది. వేలల్లో పడే చేప ఒక రకం, సీజన్ మొత్తంలో ఒకటో రెండో పడే కొత్త చేప కూడా ఒక రకమే. దక్షిణం నుంచి దారితప్పి వచ్చిన నాలుగు చేపలు ఈ లెక్కను పెంచగలవు. స్థానిక చేప సగానికి పడిపోయినా ఈ లెక్క మాత్రం కదలదు.

అందుకే రెండు కాడ్‌లను పక్కపక్కన పెట్టి చూడమంటాను. ఆర్కిటిక్ కాడ్ సాధారణంగా మీ మూరెడు కంటే చిన్న చేప. చలికి రక్తం మంచుగా మారకుండా కాపాడే ప్రొటీన్లు దాని ఒంట్లో ఉంటాయి. దాని గుడ్లు తేలి సముద్రపు మంచు కిందికి చేరతాయి. అవి బాగా పొదగడానికి 0 నుంచి 1.5 డిగ్రీల నీరు కావాలి. 3 డిగ్రీలు దాటితే నష్టం పెరుగుతుంది, నీటిలో ఆమ్లత కూడా పెరిగితే మరీ ఎక్కువ. పెద్ద చేప అంతకంటే వెచ్చని నీటిలో తిరగగలదు, గుడ్డు మాత్రం తట్టుకోలేదు. వేసవిలో వలలో పడుతోంది కదా అని దాని పరిస్థితి బాగుందనుకోకూడదు. చలికాలంలో గుడ్లున్న చోట నీరు ఎలా ఉందో చూడాలి. సాఫ్రన్ కాడ్ తీరు వేరు. ఒడ్డుకు దగ్గర్లో గుడ్లు పెడుతుంది, అవి అడుగుకు దిగుతాయి. నది నీటినీ తట్టుకుంటుంది, వెచ్చబడితే ఇంకా వేగంగా పెరుగుతుంది. అయితే చల్లటి నీటిలో ఆర్కిటిక్ కాడ్ దాచుకున్నంత కొవ్వు సాఫ్రన్ కాడ్‌లో ఉండదు. బరువు తూకంలో రెండూ సమానంగా కనిపించినా, తినే సీల్‌కో పక్షికో అందే శక్తి సమానం కాదు.

అది కళ్లారా కనిపించిన చోటు కూపర్ ఐలాండ్. ఉత్తర అలాస్కాలోని ఉట్కియాగ్విక్ పట్టణానికి తూర్పున ఉన్న ఇసుక దీవి అది. జార్జ్ డివోకీ అనే పక్షి శాస్త్రవేత్త 1975 నుంచి అక్కడ బ్లాక్ గిల్లెమాట్ పక్షులను గమనిస్తూ వచ్చారు. మంచు అంచు తీరానికి దగ్గరగా ఉన్న రోజుల్లో తల్లిపక్షులు పిల్లలకు ఆర్కిటిక్ కాడ్ తెచ్చేవి. మంచు వేసవిలో త్వరగా, దూరంగా వెళ్లిపోవడం మొదలయ్యాక కాడ్ అందుబాటులో లేకుండా పోయింది. ఒడ్డు దగ్గర అడుగున ఉండే ఫోర్‌హార్న్ స్కల్పిన్ తేవడం మొదలుపెట్టాయి. స్కల్పిన్‌కు పెద్ద తల, దాని మీద ఎముకల బుడిపెలు, ఒంట్లో కొవ్వు తక్కువ. చిన్న పిల్లలు దాన్ని మింగలేవు, మింగినా చాలదు. ఆకలితో చనిపోయే పిల్లలు పెరిగాయి. 1980ల చివర్లో 200 జంటలు దాటిన ఆ గుంపు తర్వాత బాగా క్షీణించింది. స్కల్పిన్‌కు ఏ ఇబ్బందీ రాలేదని గుర్తుంచుకోండి. తీరపు చేపల సర్వేలో అది ఎప్పటిలాగే దండిగా పడుతుంది. సర్వే కాగితంలో ప్రమాదమేమీ కనిపించని ఏళ్లలోనే గూళ్లలో పిల్లలు చచ్చిపోయాయి. ఈ ఉదాహరణ నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

హడ్సన్ బే ఉత్తరాన కోట్స్ ఐలాండ్‌లో ఇలాంటి మార్పే ఇంకో రకంగా జరిగింది. అక్కడి మర్ పక్షులు పిల్లలకు తెచ్చే చేపల్లో ఆర్కిటిక్ కాడ్ వాటా 1980ల మధ్యలో 43 శాతం ఉండేది, 1990ల చివరికి 15 శాతానికి పడిపోయింది. దాని చోటికి ఎక్కువగా కేపెలిన్ వచ్చింది. కేపెలిన్ మెత్తటి చేప, గుంపులుగా దొరుకుతుంది, కొవ్వూ ఉంటుంది. పోయిన చేప రెండు చోట్లా ఒకటే, కానీ వచ్చిన చేప వేరు కాబట్టి నష్టమూ ఒకేలా లేదు.

మంచు త్వరగా విడిస్తే ఆర్కిటిక్ కాడ్‌కు వెంటనే కీడే జరుగుతుందనీ అనుకోవద్దు. కెనడా ఆర్కిటిక్‌లో చేసిన పరిశోధనల్లో మంచు త్వరగా విడిచిన ఏళ్లలో ఆ ఏటి పిల్లలు పెద్దగా, ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ముందే వెలుతురు పడుతుంది, ముందే తిండి దొరుకుతుంది, పెరగడానికి ఎక్కువ రోజులుంటాయి. నీరు గుడ్డు తట్టుకునే హద్దు దాటే దాకానే ఈ లాభం. ఆ దశలో సేకరించిన సమాచారం మాత్రమే చూసినవాళ్లు వేడెక్కడం మంచిదే అని నిజాయతీగానే రాస్తారు.

నార్వే వైపు కథ ఇంకా వేగంగా నడిచింది. బారెంట్స్ సముద్రంలో నార్వే, రష్యా కలిసి 2004 నుంచి చేసిన సర్వేల్లో అట్లాంటిక్ కాడ్, హ్యాడాక్ ఉత్తరానికి పాకడం, చిన్న చిన్న ఆర్కిటిక్ చేపలు వెనక్కి తగ్గడం స్పష్టంగా కనిపించింది. వచ్చినవి ఒళ్లు పెద్దవి, ఆయుష్షు ఎక్కువ, ఇతర చేపలను తినేవి. ఉన్నవి చిన్నవి, అడుగున ఉండేవి. అంటే పేర్లతో పాటు ఎవరు ఎవర్ని తింటారు అన్నదే మారిపోయింది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల పడమటి తీరంలో కాంగ్స్‌ఫియోర్డెన్ అనే ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) ఉంది, అక్కడ 2006 నుంచి చలికాలపు మంచు గట్టిగా కట్టడమే అరుదైంది. అక్కడ గూళ్లు కట్టే కిట్టివేక్ పక్షుల తిండిలో ఆర్కిటిక్ కాడ్ తగ్గి కేపెలిన్, హెర్రింగ్ పెరిగాయి. 2013లో స్వాల్‌బార్డ్ నీళ్లలో మొదటిసారి అట్లాంటిక్ మాకెరెల్ దొరికింది. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి ఉన్నది ఈ ఫియోర్డ్ ఒడ్డునే. 2014లో మన శాస్త్రవేత్తలు ఇండార్క్ అనే పరికరాల వరుసను 192 మీటర్ల లోతున్న నీటిలో అమర్చారు, నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలవడానికి. చేపలు, నీరు రెండింటినీ కలిపి చదవాలనుకునే భారతీయ విద్యార్థికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

కొత్త చేప కనిపించిన ప్రతిచోటా వేడినే కారణం చేయకండి. ఉత్తర నార్వే నదుల్లో 2017 నుంచి బేసి సంవత్సరాల్లో ముంచెత్తుతున్న పింక్ సాల్మన్‌ను మొదట తెచ్చి వదిలింది సోవియట్ కాలంలో, మనుషులే. పశ్చిమ కెనడా ఆర్కిటిక్‌లోనూ అలాస్కా ఉత్తర తీరంలోనూ పెరుగుతున్న పింక్, చమ్ సాల్మన్ మాత్రం బేరింగ్ జలసంధి దాటి సొంతంగా వచ్చినవి. అక్కడ కూడా వలలో పడటం వేరు, కాపురం పెట్టడం వేరు. సాల్మన్ గుడ్లు చలికాలమంతా కంకర కింద గడ్డకట్టకుండా ఉండాలి. అందుకు ఊట నీరు కావాలి. 2023లో కాల్విల్ ఉపనదులైన అనక్టువుక్, ఇట్కిలిక్‌లలో సుమారు 100 చమ్ సాల్మన్ చేపలు గుడ్లు పెడుతూ, లేదా అప్పుడే పెట్టి కనిపించాయి. వలలో వందలు పడిన వార్త కంటే నాకు ఇదే ముఖ్యమైన వార్త.

వచ్చినవి ఉంటాయన్న భరోసా కూడా లేదు. 1920లలో నీళ్లు వెచ్చబడినప్పుడు పశ్చిమ గ్రీన్‌ల్యాండ్‌కు అట్లాంటిక్ కాడ్ తరలివచ్చింది. ఊళ్లకు ఊళ్లు దాని మీద నిలబడ్డాయి. 1960ల మొదట్లో ఏడాదికి 4 లక్షల టన్నులు దాటిన ఆ వేట, అతిగా పట్టడం, నీళ్లు మళ్లీ చల్లబడటం కలిసి కుప్పకూలింది. ఆ మధ్య గ్రీన్‌ల్యాండ్ మాకెరెల్ కూడా అంతే వేగంగా వచ్చింది. 2011కు ముందు అక్కడ దాని వేటే లేదు, 2014 నాటికి దేశ ఎగుమతి ఆదాయంలో 23 శాతం దాని నుంచే వచ్చింది. ఆ తర్వాత మళ్లీ తగ్గింది.

తీరంలో బతికే మనుషుల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా మార్పులు ముందు వాళ్లకే కనిపిస్తాయి. 2013లో నూయిక్సట్ జాలర్లు బ్రాడ్ వైట్‌ఫిష్ ఒంటి మీద దూది అంటినట్టు బూజు చూశారు. వాళ్లు చేపలను పరీక్షకు ఇస్తే అది సాప్రోలెగ్నియా అనే నీటి బూజు అని తేలింది. ఒత్తిడిలో, గాయాలతో ఉన్న చేపను అది త్వరగా పట్టుకుంటుంది. శాస్త్రవేత్తల వలలు వేసవిలోనే ఉంటాయి, వీళ్ల వలలు శరదృతువులో మంచు కింద ఉంటాయి. జాలర్లు చెప్పకపోతే ఆ సంగతి ఎన్నాళ్లకు బయటపడేదో! ఇంకో ఇబ్బంది, నది ఆలస్యంగా గడ్డకడుతోంది. మనిషి బరువు ఆగేంత మంచు కడితేగాని వల వేయలేరు. నీటిలో చేప ఉన్నా వేట రోజులు తగ్గిపోతాయి.

పెద్ద ఎత్తున వాణిజ్య వేట అలాస్కా ఉత్తర తీరానికి, మధ్య ఆర్కిటిక్‌కు ఇంకా రాలేదు, అది ఊరట. అమెరికా తన ఆర్కిటిక్ జలాల్లో 2009 నుంచి దాన్ని మూసి ఉంచింది. మధ్య ఆర్కిటిక్ మహాసముద్రంలో వేట మొదలుపెట్టకూడదన్న అంతర్జాతీయ ఒప్పందం 2021లో అమల్లోకి వచ్చింది, మొదటి విడత 16 ఏళ్లకు.

మీ ప్రాజెక్టు విషయానికి వస్తే, అలాస్కాకు ఉత్తరాన ఉన్న బ్యూఫోర్ట్ సముద్ర తీరంలోని లాగూన్ల (ఉప్పునీటి కయ్యల) మీద 2017 నుంచి నడుస్తున్న దీర్ఘకాలిక పరిశోధన కార్యక్రమం సమాచారం అందరికీ అందుబాటులో ఉంది. దాన్ని తీసుకోండి. ఫైక్ నెట్ లెక్కను మన అలివి వల లాంటి ఒడ్డు వల లెక్కతో కలపకండి, రెండూ పట్టే చేపలు వేరు. ప్రతి రోజు పట్టుబడికి ఆ రోజు గాలి దిశ, నీటి ఉప్పదనం జతచేయండి, లేకపోతే ఒక పడమర గాలి వారాన్ని మీరు వాతావరణ మార్పు అనుకునే ప్రమాదం ఉంది. రకాల సంఖ్య చివర్లో వేయండి, ముందు ఒక్కో చేప పొడవు, బరువు చూడండి. కాడ్ పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. లార్వా దశలో ఆర్కిటిక్ కాడ్, సాఫ్రన్ కాడ్ కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి, జన్యు పరీక్ష చేస్తేగాని ఖాయంగా చెప్పలేం. అందుకే అంత చిన్నవాటిని పేరుతో రాసిన పాత పట్టికలు కనిపిస్తే, గుర్తింపు ఎలా చేశారో చదివాకే ఆ అంకెలు వాడండి.